చెప్పనివ్వని సారీ

"మళ్ళీ."

అద్దానికి అవతల కూర్చున్న మనిషి పెదవులు కదిలాయి. మాట మాత్రం హెడ్‌ఫోన్స్‌లోంచి నేరుగా చెవిలో పడింది. చిలక గొంతు సవరించుకుని మైకు దగ్గరికి జరిగింది.

"అయామ్ సారీ."

"మళ్ళీ."

"అయామ్ సా...రీ."

"మళ్ళీ. అంటే బాగోలేదని కాదు, బాగానే ఉంది, కాకపోతే ఇక్కడ కావలసింది అది కాదు అని."

చిలకకి ఒళ్ళు మండింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది. "ఏమండీ, సారీ అంటే సారీయే కదా. దానికి ఇన్ని వేషాలేంటి?"

అతను లేచి, బరువైన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చెవి మీద పెన్సిలు ఉంది. అది అక్కడున్న సంగతి మరిచిపోయి జేబులో ఇంకో పెన్సిలు కోసం వెతుక్కుంటున్నాడు.

"మీరు బస్సులో ఎవరి కాలో తొక్కారనుకోండి. ఏమంటారు?"

"సారీ అంటాను."

"మీ పక్కింటావిడకి ఉద్యోగం పోయింది. ఏమంటారు?"

"అయ్యో అంటాను."

"ఇంగ్లీషులో."

"...సారీ."

"కాలు తొక్కింది మీరే. ఆవిడ ఉద్యోగం తీసింది మీరు కాదు కదా? మొదటి దాంట్లో తప్పు మీది. రెండో దాంట్లో బాధ మాత్రమే మీది. మీరేమో రెండోది కూడా కాలు తొక్కినట్టే చదివారు."

"మరి ఎదుటివాళ్ళు చెప్పింది వినబడకపోతే?"

"అదీ సారీయే. చివర్లో గొంతు పైకి లేవాలి."

"సారీ?"

"ఆఁ, సరిగ్గా అదే!" అతని మొహం వెలిగిపోయింది.

"నేను నిజంగానే వినబడక అడిగానండీ."

అద్దం అవతల ఇంకో కుర్చీలో ఉన్న పెద్దాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు బల్ల మీదున్న హెడ్‌ఫోన్స్‌లోంచి చిన్నగా వినిపించింది. ఉద్యోగం దొరికినట్టే అని చిలకకి అప్పుడే అర్థమైంది.

చిలక అనేది వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఎవరో రాసింది రాసినట్టు చదివే ఉద్యోగం వచ్చాక ఆ పేరు ఆమెకి మరీ అతికినట్టు కుదిరింది. మనమూ అలాగే పిలుద్దాం.

ఆ కంపెనీ పని ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే పాఠాలు తయారుచేయడం. పనికి వెళ్తూ, వంట చేస్తూ ఫోనులో వినే పాఠాలు. పాఠానికి ఒక మాట. ఆ మాటకి ఉన్న అర్థాలన్నీ, వాడుకలన్నీ చిన్న చిన్న సంభాషణల్లో వస్తాయి. పెన్సిలు మనిషి రాస్తాడు, చిలక చదువుతుంది, నవ్విన పెద్దాయన రికార్డు చేసి అక్కర్లేని ముక్కలు కోస్తాడు. ఆయన్ని అందరూ సౌండు బాబాయ్ అంటారు.

పెన్సిలు మనిషికి ఆఫీసులో పేరు బ్రాకెట్. ఏ మాట అన్నా దాని వెనకే ఒక వివరణ తగిలించకుండా ఉండలేడు. టీ కావాలా అని అడిగితే, "వద్దండీ, అంటే మీరిచ్చే టీ అంటే ఇష్టం లేక కాదు, ఇప్పుడే తాగాను" అంటాడు. చిలక రెండో రోజు నుంచే బ్రాకెట్ గారూ అని పిలవడం మొదలుపెట్టింది. అతను ఉడుక్కోలేదు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెకి వివరంగా చెప్పాడు.

సౌండు బాబాయ్ ఆమెకి నేర్పిన మొదటి సంగతి చప్పట.

"తప్పు చదివావా, కంగారుపడకు. ఆగి ఒక్క చప్పట కొట్టి, వాక్యం మొదట్నుంచి అందుకో. చప్పట కొడితే నా కంప్యూటర్‌లో ఇంత పొడుగు గీత లేస్తుంది. దానికి ముందున్నది నేను కోసి పారేస్తా. నువ్వు తడబడ్డట్టు లోకంలో ఎవరికీ తెలీదు."

కొద్ది రోజుల్లోనే అది ఆ ముగ్గురికీ ఊపిరి తీసినంత అలవాటైపోయింది. చిలక తడబడి గింజుకుంటుంటే అద్దం అవతల నుంచి బ్రాకెట్ తనే ఒక చప్పట కొట్టి, "మొదట్నుంచి" అనేవాడు. ఎంత హాయిగా ఉండేదో ఆమెకి. పోయింది పోయింది, ఇప్పుడు మొదలుపెట్టేదే లెక్క అన్నట్టు ఉండేది. తప్పు చేసి ఇంత సుఖంగా ఉండొచ్చని ఆమెకి అంతకుముందు తెలీదు.

ఇక వాన సంగతి. స్టూడియో పైకప్పు రేకులది. చినుకు పడిందంటే మైకు దాన్నే ముందు వింటుంది. కాబట్టి వాన మొదలైతే పని ఆగిపోతుంది. సౌండు బాబాయ్ కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటాడు. మిగిలిన ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి వాన తగ్గాలని ఎదురుచూస్తున్నట్టు నటిస్తారు.

"ఇవాళ సారీ పాఠంలో కొత్త ముక్క రాశాను," అన్నాడతను ఒక వాన మధ్యాహ్నం. "దాన్ని ఒక వస్తువు పేరుకి ముందు పెడితే అర్థమే మారిపోతుంది. అప్పుడు క్షమాపణ ఉండదు. చూడగానే అయ్యో అనిపించేంత అధ్వాన్నంగా ఉందని అర్థం."

చిలక మూలన ఆరబెట్టిన అతని గొడుగు వైపు చూసింది. రెండు ఊచలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. "ఎ సారీ అంబ్రెల్లా."

"...కరెక్టే."

"సారీ ఫర్ యూ అంటే?"

"జాలి. అది జాగ్రత్తగా వాడాలండీ, మనుషులకి నచ్చదు."

"నా మీద జాలిపడతారా మీరు?"

"మీ మీద ఎందుకు? మీతో పని చేసేవాళ్ళ మీద పడాలి గానీ."

అతను హాస్యమాడగలడని ఆమెకి అంతవరకూ తెలీదు. ఆ తర్వాత ఎక్కడ మబ్బు కనిపించినా ఆమెకి ఆఫీసుకి తొందరగా వెళ్ళాలనిపించేది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, కిటికీ దగ్గరే, అతను ఒకసారి అన్నాడు. "ఇక వానలు ఆగిపోతాయట. ఐ విల్ బి సారీ."

"అదేం సారీ? తప్పా, జాలా, వినబడలేదా?"

"దిగులు." ఈసారి వివరణ తగిలించలేదు. "అది ఇంకా పాఠంలో రాయలేదు."

చిలక గుండె రేకుల మీద వానకంటే ఎక్కువ చప్పుడు చేసింది. కిటికీలోంచి బయటికే చూస్తూ, "నాక్కూడా అదే," అంది. వెనక కుర్చీలో సౌండు బాబాయ్ కళ్ళు మూసుకునే, "ఇద్దరూ కొంచెం గట్టిగా మాట్లాడండర్రా, సగం వినబడట్లేదు," అన్నాడు.

చిలక వాళ్ళ నాన్న దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. తల్లి చిలక చిన్నప్పుడే పోయింది. పై వాటాలో మేనత్త ఉంటుంది. నాన్న కుట్టుమిషను మీద ఫోను ఆనించి పెట్టుకుని కూతురు చదివిన పాఠాలు వింటూ కుట్టేవాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరా గొంతు అని అడిగేదాకా ఫోను ఆపేవాడు కాదు.

ఆ వయసులో ఇంగ్లీషెందుకు నీకు అని అత్తయ్య దెప్పితే, "నా కూతురు రోజంతా ఏం చెబుతోందో నాకు తెలియొద్దా?" అనేవాడు.

చిలక ఆఫీసు నుంచి రాగానే ఇద్దరికీ ఒక ఆట. టీ తాగుతూ ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి.

"హౌ వజ్ యువర్ డే, నాన్నా?"

"డే వజ్ లాంగ్. పాంట్ వజ్ షార్ట్. కస్టమర్ వజ్ యాంగ్రీ."

చిలక కడుపుబ్బ నవ్వేది. ఆమెని నవ్వించడానికే ఆయన పగలంతా ఆ వాక్యాలు కూర్చుకునేవాడేమో కూడా.

బ్రాకెట్ సంగతి చెప్పినప్పుడు నాన్న సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించడం అయ్యాక అడిగాడు. "పాఠాలు రాసే అబ్బాయేనా? నా మాస్టారన్నమాట. ఆదివారం రమ్మను."

ఆదివారం కోసం నాన్న తనకి తనే కొత్త చొక్కా కుట్టుకున్నాడు. మిషను చప్పుడు చాటున ఏదో గొణుక్కుంటూ ఉండేవాడు. ఏంటి నాన్నా అంటే నవ్వేసి ఊరుకునేవాడు.

బ్రాకెట్ వచ్చాడు. దుకాణంలో బట్టల మూటలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. అత్తయ్య పళ్ళెంలో బిస్కెట్లు సర్ది, అబ్బాయిని ఎగాదిగా చూస్తూ కూర్చుంది. నాన్న టేపు మెడలోంచి తీసి మేకుకి తగిలించి, అందరి మధ్యా నిలబడ్డాడు. అప్పుడు చిలకకి తెలిసింది, ఇన్నాళ్ళూ గొణుక్కున్నది ఏమిటో.

"వెల్‌కమ్ టు అవర్ హోమ్," అన్నాడు నాన్న. గొంతు బాగానే పలికింది. "వియ్ ఆర్ వెరీ హ్యాపీ. మై డాటర్... మై డాటర్ ఈజ్..."

ఆగిపోయాడు. కంఠతా పట్టింది ఎక్కడో జారిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. "మై డాటర్..." అని మళ్ళీ అన్నాడు. చేతులు గాలిలో దేనికోసమో వెతికాయి.

బ్రాకెట్‌కి ఆయన అవస్థ చూసి ప్రాణం ఉసూరుమంది. అతని మొహంలో అది స్పష్టంగా కనిపించింది. ఆ మరుక్షణం అతను, రోజూ చేసే పనే చేశాడు. ఒక్క చప్పట కొట్టి, ఆదరంగా, "మొదట్నుంచి," అన్నాడు.

చిలక ఫక్కున నవ్వేసింది.

నవ్వు ఆగేసరికి గదిలో ఇంకెవరూ నవ్వడం లేదు. నాన్న కూతురి వైపు ఒక చూపు చూసి, నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఏం అబ్బాయ్," అంది అత్తయ్య. "మా తమ్ముణ్ణి నిలబెట్టి చప్పట్లు కొట్టి ఆడిస్తావా? వాడేం చిన్నపిల్లాడా?"

"అయ్యో, అది కాదండీ. అంటే మా స్టూడియోలో చప్పట అంటే ముందున్నది లెక్క కాదని, అంటే ఆయన తప్పు చెప్పారని కాదు, అంటే చెప్పారు గానీ..."

ఎంత చెబితే అంత లోతుకి దిగబడ్డాడు పాపం. నాన్నే ఆదుకున్నాడు. "టీ చల్లారిపోతోంది, తాగు బాబూ," అన్నాడు, తెలుగులో.

వీధి మలుపు దాకా సాగనంపడానికి వచ్చిన చిలక అక్కడ విరుచుకుపడింది.

"మా నాన్నకి చప్పట్లు కొడతారా?"

"అలవాటులో వచ్చేసింది. ఆయనకి ఊరటగా ఉంటుందనే. నేను మళ్ళీ లోపలికెళ్ళి సారీ చెప్పి వస్తాను."

"అక్కర్లేదు."

"తప్పు నాది కదండీ, నేనే చెప్పాలి."

"చెప్పి? అందులో రకాలు కూడా వివరిస్తారా? నేను చెప్పేదాకా మా ఇంటికి రావద్దు."

అతని మొహం తెల్లబోయింది. "సరే. మీరు చెప్పేదాకా రాను."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసులో అతను అడిగిన మొదటి మాట అదే. "ఇవాళ రావచ్చా?"

"వద్దు."

ఆ మర్నాడూ అడిగాడు. వారం గడిచాకా అడిగాడు. మొదట్లో కోపంతోనే వద్దంది. తర్వాత కోపం పోయింది. అయినా వద్దనే అంది. ఎందుకో ఆమెకి తెలుసు. తెలిసీ తనతో తను కూడా చెప్పుకోలేదు. అతను వచ్చి ఒక్క మాట అంటే నాన్న అక్కడికక్కడే క్షమించేస్తాడు. ఆ మనిషికి ఒకరి మీద కోపం పట్టుకుని కూర్చోవడం చేతకాదు. చప్పట సంగతి తేలిపోతే ఇక గదిలో మిగిలేది తన నవ్వు. తప్పంతా అతని మీద ఉన్నన్నాళ్ళూ తన మీద ఏమీ లేనట్టే ఉంటుంది.

ఇంట్లో సాయంత్రం ఆట కూడా ఆమే మానేసింది. ఇంగ్లీషు ముక్క చెవిన పడితే నాన్నకి ఆ ఆదివారం గుర్తొస్తుందని భయం. నాన్న కూడా ఫోను పెట్టుకుని పాఠాలు వినడం మానేశాడు. చూశావా, ఎంత నొచ్చుకున్నాడో అనుకుంది చిలక. ముందు గదిలో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

"ఆ అబ్బాయి మళ్ళీ రాలేదేం?" అన్నాడు నాన్న ఒకసారి.

"పనులున్నాయట."

కొన్నాళ్ళకి మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఆమెకే ఆశ్చర్యం. "అంత చదువుకున్నవాడు మనలాంటివాళ్ళింటికి ఎందుకొస్తాడు నాన్నా?"

నాన్న తలూపాడు. ఇక ఎప్పుడూ అడగలేదు.

స్టూడియోలో బ్రాకెట్ మాటలు తగ్గాయి. చిలక తడబడితే చప్పట కొట్టడం లేదు. తలుపు దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, వెనక్కి వెళ్ళిపోతున్నాడు. చలికాలం వెళ్ళేసరికి అతని కుర్చీ ఖాళీ అయింది.

"మానేశాడమ్మా," అన్నాడు సౌండు బాబాయ్. "ఎవరు తడబడినా మీ నాన్న మొహమే కనిపిస్తోందట. ఇంకొకళ్ళ మాట దిద్దలేను బాబాయ్, నన్నొదిలెయ్ అన్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. కాగితం అయితే చిన్నబుచ్చుకోదు కదా."

చిలక బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఒక్క మాట, "రండి" అని అంటే సరిపోయేది. ఆ రెండక్షరాలు నోట్లో పెట్టుకుని ఇన్ని నెలలు తిరిగింది. ఇప్పుడు చెబుదామంటే ఎదురుగా మనిషే లేడు.

మళ్ళీ వానలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా పని ఆగేది. కిటికీ దగ్గర ఆమె ఒక్కతే నిలబడేది. నిజంగానే వాన తగ్గాలని ఎదురుచూసేది.

ఆ వానలు వెళ్ళాక కంపెనీ పాత పాఠాలన్నీ మళ్ళీ రికార్డు చేయించింది. అందులో సారీ పాఠం కూడా ఉంది. చిలక మైకు ముందు కూర్చుని మొదలుపెట్టింది. ఆలస్యంగా వచ్చినందుకు సారీ. మీకు ఒంట్లో బాగోలేదని విని సారీ. మిమ్మల్ని నొప్పించినందుకు సారీ. వెళ్ళిపోతున్నందుకు సారీ. ఒకటి తర్వాత ఒకటి చదువుకుంటూ పోయింది. ఒక్కచోట కూడా తడబడలేదు.

హెడ్‌ఫోన్స్‌లో బాబాయ్ గొంతు వినిపించింది.

"చిలకా, కిందటేడు నువ్వు చదివినవే వాడుకుంటానమ్మా."

"ఏం బాబాయ్, తప్పులొచ్చాయా?"

"తప్పుల్లేవు. ఇవి నిజంగా ఉన్నాయి. ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చినవాళ్ళు హడలిపోతారు." ఆయన కుర్చీ కిర్రుమంది. "ఇవి ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పుకో తల్లీ. నా మైకుకి చెబితే ఏం లాభం?"

ఆమె తిన్నగా ఇంటికి వెళ్ళింది. నాన్న ఎవరిదో కోటుకి గుండీలు కుడుతున్నాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"నాన్నా, ఆ రోజు నేను నవ్వాను."

ఆయన తలెత్తాడు. ఏ రోజని అడగలేదు. "నవ్వావు."

"నీకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో..."

"ఉంది. ఆ పూటకి." నాన్న దారం కొరికి తెంపాడు. "నువ్వు నవ్వితే నాకేం కొత్త? రోజూ నవ్వించేవాణ్ణేగా. మర్నాడు నువ్వొచ్చి హౌ వజ్ యువర్ డే అంటావని చూశా. ఏదో ఒకటి అని నేనూ నవ్వేద్దామనుకున్నా. నువ్వు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. నా ఇంగ్లీషు నీకు నామోషీ అయిపోయిందేమో అనుకుని పాఠాలు కట్టేశా."

"నాన్నా!" చిలక వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది. "నీకు బాధ గుర్తొస్తుందని నేను మాట్లాడలేదు."

"నువ్వు సిగ్గుపడుతున్నావని నేను మాట్లాడలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే టీ గిన్నెలోంచి తాగుతూ ఏడాది పైన పోగొట్టుకున్నారు.

ఇంకోటి మిగిలి ఉంది. అది చెప్పడం ఇంకా కష్టమైంది. "అతను మనింటికి ఎందుకొస్తాడు అన్నాను కదా. అబద్ధం. రోజూ అడిగేవాడు. నేనే రావద్దన్నాను. నీకు సారీ చెప్పనివ్వలేదు."

నాన్న చేతిలో కోటు పక్కన పెట్టాడు. కూతురి మీద ఆయన గొంతు పెంచడం ఆమె ఎరగదు. అప్పుడూ పెంచలేదు. అదే భరించలేకపోయింది.

"ఎందుకూ?"

"నువ్వు అతన్ని క్షమించేస్తే ఇక నేనే మిగులుతాను కదా నాన్నా."

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. కాసేపటికి ఆ చెయ్యి తీసి, మేకుకున్న చొక్కా అందుకున్నాడు. "ఏడాదిగా ఆ పిల్లాణ్ణి పొగరుబోతని తిట్టుకున్నానే. పద. ఎక్కడున్నాడో ఏమో కనుక్కో."

ప్రెస్సు ఊరికి ఆ చివర ఉంది. బస్సు దిగాక నాన్న బస్టాపులో బెంచీ మీద కూర్చుండిపోయాడు. "ముందు నువ్వెళ్ళు. అతను తిట్టాల్సినవి ఉంటాయి. నా ఎదురుగా తిట్టలేడు."

లోపల సిరా వాసన, మిషన్ల రొద. కిటికీ పక్కన బల్ల దగ్గర బ్రాకెట్ కాగితాల మీద వంగి ఉన్నాడు. కొంచెం చిక్కాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. "మీ నాన్నగారు బాగున్నారా?"

ముందు అదే అడిగాడు.

"బాగున్నారు. నేను చెప్పేది విని తర్వాత తిట్టండి." మొత్తం చెప్పింది. నవ్వు సంగతి, అబద్ధం సంగతి, తప్పంతా అతని మీద ఉంచడానికే రోజూ వద్దన్న సంగతి. మిషన్ల రొదలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మెల్లగా చెప్పుకోవాల్సిన మాటలన్నీ అరిచి చెప్పింది.

అతను చేతిలోని పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

"అంటే ఈ ఏడాదంతా ఆయన నన్ను పొగరుబోతనుకున్నారు."

"అవును."

"మీరు అనుకోనిచ్చారు."

"అవును."

"నేను చేసింది పొరపాటు. నిద్రలో కూడా గుర్తొచ్చే పొరపాటు. మీరు చేసింది తెలిసి చేశారు."

"తెలిసే చేశాను."

ఇన్ని రకాల సారీలు చదివిన గొంతుకి ఒక్కటి కూడా సరిపోయేది దొరకలేదు. "మీరంటే నాకు ప్రాణం. అయినా చేశాను. క్షమించమని అడగడానికి రాలేదు. నిజం మీకు తెలియాలని వచ్చాను."

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ తిరగడంలోనే రోడ్డు అవతల బెంచీ మీద కూర్చున్న మనిషి కంటపడ్డాడు.

"అది... నాన్నగారు కదూ?"

సమాధానం కోసం ఆగలేదు. ఆమెని దాటుకుని, మెట్లు దిగి, రోడ్డు మీద బళ్ళని కూడా చూసుకోకుండా అవతలికి వెళ్ళిపోయాడు.

చిలక కిటికీ దగ్గరే నిలబడిపోయింది. అక్కణ్ణుంచి ఏమీ వినిపించదు. అతను నాన్న ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఏదో చెబుతున్నాడు. నాన్న ఆపబోతే ఆగకుండా చెబుతున్నాడు. ఏడాదిగా మోసుకు తిరిగిన మాట. వీధి మలుపులో ఆ రోజే తను అతన్ని నాలుగడుగులు వెనక్కి వెయ్యనిస్తే అయిపోయేది. నాన్న అతని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఒక బస్సు వచ్చి, వాళ్ళని కనిపించకుండా చేసి, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. తను లేకుండా వాళ్ళకి ఎంత బాగుందో చూసి చిలకకి సంతోషమూ, దుఃఖమూ కలిసి వచ్చాయి.

ఎంతసేపటికో అతను ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నగారు నన్ను క్షమించారు," అన్నాడు. "నేను మిమ్మల్ని ఇంకా క్షమించలేదు."

"తెలుసు."

"కోపం ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేను. చాలా ఉంది."

"ఉండనివ్వండి. తగ్గకపోయినా నేనేం అనను."

"ఆయనకీ అదే చెప్పాను. మీ అమ్మాయి మీద నాకు కోపంగా ఉందండీ, కానీ ఆవిడ లేకుండా ఈ ఏడాది ఎలా గడిచిందో నాకే తెలుసు అని." అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "దూరం నుంచి కోప్పడితే ఏం లాభం బాబూ, పెళ్ళి చేసుకుని ఎదురుగా కూర్చుని కోప్పడు అన్నారు."

చిలక చేతుల్లో మొహం దాచుకుంది. "ఏడాది పోయింది కదండీ," అంది వెక్కుతూ.

పోతే పోయిందిలే అనలేదతను. ఓదార్చనూ లేదు. "పోయింది," అన్నాడు. "ఇంక రాదు."

తర్వాత బల్ల మీద కాగితాలు సర్ది, వాటి మీద బరువు పెట్టాడు.

"పదండి. ఆయన ఒక్కరే కూర్చున్నారు."

ఆమె కళ్ళు తుడుచుకుని అతని వెనకే మెట్లు దిగింది.